పొలము మూల

మా మోస్రా వైపు వరి కోసి, పనలు మోసిన పిమ్మట, పొలములో రాలిపడిన వెన్నులను ఏరుకొనుటను పరిగె ఏరుట అందురు. నిజాంసాగరు కాలువ నీటితో పచ్చబడిన ఈ నేలలో, సెంటు భూమి లేనివారి ఇండ్లకు కొన్ని దినముల గంజి ఆ పరిగె గింజల నుండియే వచ్చిన కాలము ఒకటి ఉన్నది. కోత ముగిసినదని తెలియగానే పిల్లలు, ముసలివారు పొలము గట్టున చేరెడివారు. చెరకు కాలమున బోధను చక్కెర కర్మాగారమునకు బారులు తీరిన బండ్ల వెనుక, జారిపడిన గడ కొరకు పరుగెత్తినవారును వారే. 1937లో స్థాపితమైన ఆ కర్మాగారము 2015లో మూతపడినది. బండ్ల బారులు పోయినవి. పరిగె ఏరువారును ఇప్పుడు అరుదు. కాని పరిగెను గూర్చిన ఒక జ్ఞాపకము నన్ను విడిచిపోలేదు.

నాకు అప్పుడు పదేండ్లు. కోత నాడు నన్ను పొలము గట్టున కాపలా ఉంచినారు. పనలు ఇంకను మోయవలసి ఉండగా నా యీడు బాలిక ఒకతె పొలములో దిగి వెన్నులు ఏరుచున్నది. నేను కేకవేసినాను. ఆమె నిలిచిపోయినది. నేను పోయి ఆమె ఒడిలోని వెన్నులను మా పనల మీద దులిపించినాను. ఆమె ఏడువలేదు, ఎదురు చెప్పలేదు. ఒడి దులుపుకొని గట్టెక్కి పోయినది. ఇంటికి వచ్చి చెప్పగా పెద్దలు నన్ను మెచ్చుకొన్నారు. ఆ మెప్పు నాకు ఆనాడు సంతోషము కలిగించినది. పెరిగిన కొలది ఆ ఒడి నా కన్నులలో మెదలుచునే ఉన్నది. నేను చేసినది తప్పా? తప్పయినచో, ఏ న్యాయమును బట్టి? పొలము మాది, పంట మాది, వెన్నులు మావి గదా!

చరిత్ర పాఠములు చెప్పుకొని బ్రతికిన నాకు ఈ ప్రశ్నకు సమాధానము చాలకాలమునకు దొరికినది. దొరికిన చోటు నేను ఊహింపనిది. అది మిష్నా అను యూదుల ధర్మగ్రంథములోని ఒక చిన్న ప్రకరణము. ఆ గ్రంథమునకు, మోస్రాకు సంబంధమేమని శ్రోతలకు తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని విచారించి చూడగా, యూద గ్రంథములను ముందు పెట్టుకొని తన ప్రశ్నకు తాను సమాధానము వెదకుకొన్నవారు తెలుగునేల మీద నాకు ముందే ఉన్నారని తెలిసినది. వారి కథ చెప్పి, తరువాత నా పొలమునకు వత్తును.

ముందుగా ఆ గ్రంథముల స్వరూపము కొంత తెలియవలెను. యూదులకు మూలగ్రంథము తోరా. ఆదికాండము మొదలు ద్వితీయోపదేశకాండము వరకు గల అయిదు కాండములు అందు చేరినవి. ప్రవక్తల గ్రంథములను, కీర్తనలు మొదలగు ఇతర రచనలను దానితో కలిపి తనఖ్ అందురు. క్రైస్తవులు పాత నిబంధన యని చదువునది ప్రధానముగా ఇదియే. తోరాలోని విధులను గురుశిష్య పరంపరగా చర్చించిన మాటలను క్రీస్తు శకము 200 ప్రాంతమున యూదా హనాసీ అను ఆచార్యుడు కూర్చగా అది మిష్నా అయినది. మిష్నాపై జరిగిన శతాబ్దముల చర్చ తల్మూదు.

తల్మూదు అచ్చు ప్రతిలో ఒక పుట తెరచినచో మన పండితులకు క్రొత్త అనిపింపదు. నడుమ మూలము, ఒక ప్రక్క పదునొకండవ శతాబ్దికి చెందిన రాషీ వ్యాఖ్య, మరియొక ప్రక్క తరువాతి వారి టిప్పణులు. 1520 మొదలు వెనిసు నగరమున డేనియల్ బోంబెర్గ్ అచ్చువేసిన ప్రతులతో ఈ పుట అమరిక స్థిరపడినది. మన మూలము, భాష్యము, టీక అను వరుస వంటిదే ఇది. అంతేకాదు, హిల్లేల్ పక్షము ఇట్లు చెప్పినది, షమ్మాయి పక్షము అట్లు చెప్పినది అని, నెగ్గిన మాటతోపాటు ఓడిన మాటను కూడ అందు భద్రపరచినారు. పూర్వపక్షమును చెప్పక సిద్ధాంతమునకు పోని మన శాస్త్రకారులకు ఈ పద్ధతి నచ్చెడిదే. దీనిని ఒంటరిగా చదువరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు చదువగా ఒకరు ప్రశ్నించుచు పోవుదురు. ఆ జంట పఠనమునకు హవ్రూతా యని పేరు. ప్రశ్న లేనివానికి ఆ గ్రంథము నోరు విప్పదు.

అట్టి జంట ఒకటి 1647లో మన హైదరాబాదు నగరమున ఉండినది. గోల్కొండ సింహాసనము మీద అబ్దుల్లా కుతుబ్ షా ఉన్న కాలమది. గోల్కొండ వజ్రముల కీర్తి విని నానాదేశముల వర్తకులు ఈ రాజ్యమునకు వచ్చుచుండిరి. వారితో పాటు ఈ జంటయు వచ్చినది. అయితే వజ్రముల కొరకు కాదు. ఆ జంటలో గురువు సర్మద్. అతడు పారశీక దేశపు యూదుడు. రబ్బీల వంశమున పుట్టి యూద శాస్త్రములు చదివినాడు. తరువాత ముల్లా సద్రా మొదలగు తత్త్వవేత్తలను ఆశ్రయించి చదువుకొని ఇస్లామును స్వీకరించినాడు. వర్తకుడై సముద్రమార్గమున సింధు దేశపు థట్టా పట్టణము చేరినాడు. అక్కడ అభయచందు అను హిందూ యువకుని చూచినంతనే అతని బ్రతుకు మారినది. సరుకు విడిచినాడు, సంపద విడిచినాడు, తుదకు వస్త్రమును కూడ విడిచినాడు. ఇద్దరును కలిసి దేశాటనము చేయుచు దక్కను చేరినారు.

అభయచందు సర్మద్ వద్ద తోరాను, దావీదు కీర్తనలను అధ్యయనము చేసినాడు. చేసి ఊరకుండక ఆదికాండపు తొలి అధ్యాయములను పారశీకములోనికి తెచ్చినాడు. సర్వమతముల వృత్తాంతమును సంకలనము చేయుచున్న ఒక గ్రంథకర్త ఆ సమయమున హైదరాబాదు వచ్చినాడు. అతని గ్రంథము పేరు దబిస్తాన్-ఎ-మజాహిబ్, అనగా మతముల పాఠశాల. యూదులను గూర్చి పరులు వ్రాసినది చదివినాను గాని దానిని నమ్మలేదని, యూద పండితునితో పరిచయము హైదరాబాదున సర్మద్ వలననే కలిగినదని అతడు చెప్పుకొన్నాడు. అభయచందు అనువాదమును సర్మద్ ఎదుట సరిచూచి తన గ్రంథములో చేర్చినాడు.

ఈ సంగతిని కొంచెము నిలిచి ఆలోచింపవలెను. గురువు యూద వంశీయుడు, శిష్యుడు హిందువు, లేఖకుడు పారశీక భాషలో వ్రాసినవాడు, నగరము మనది. ఒక మతమును గూర్చి దాని ప్రత్యర్థుల వలన గాక ఆ మతమెరిగిన వాని వలననే తెలిసికొనవలెనను నియమము ఇక్కడ పాటింపబడినది. ఇక అభయచందు సంగతి. తోరా చదివినవాడు గదా యని అతడు యూదుడైనట్లు చెప్పలేదు. తాను ఏ ఒక్క మతపు గోడల నడుమను ఇమడనివాడనని భావము వచ్చు ద్విపది ఒకటి అతని పేర ఆ గ్రంథముననే ఉన్నది. గురువుపై ప్రేమ అతనిని గ్రంథమునకు చేర్చినది. తనదని చెప్పుకొనుటకు హక్కులేని గ్రంథమును శ్రద్ధతో చదివి, చదివినదానిని పదిమందికి పంచుటయే అతడు దానికి చెల్లించిన మూల్యము.

సర్మద్ తరువాతి కథ విషాదము. ఢిల్లీ చేరి దారా షికో ఆదరమును పొందినాడు. ఉపనిషత్తులను 1657లో పారశీకమునకు తెచ్చిన ఆ రాజకుమారుడు అన్నదమ్ముల పోరులో ఓడి 1659లో వధింపబడినాడు. ఔరంగజేబు ఏలుబడిలో 1661 ప్రాంతమున సర్మద్ శిరస్సు ఖండింపబడినది. అతని సమాధి ఢిల్లీ జామా మసీదు చెంత నేటికిని ఉన్నది. రుబాయీలు వ్రాసిన కవిగా లోకము అతనిని స్మరించును. హైదరాబాదులో అతడు చెప్పిన తోరా పాఠమును స్మరించువారు తక్కువ.

తరువాత ఈ గ్రంథములు తెలుగు మాటలలోనికే వచ్చినవి. పద్దెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుడు బైబిలును తెనిగించినాడు; అది అచ్చుకు నోచుకొనలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో అచ్చయిన అనువాదములు పల్లెలకు చేరినవి. చదువు నిరాకరింపబడిన వాడలలో తొలి పుస్తకము తరచుగా అదియే. దానిని చదివినవారిలో కొందరు ఒకనాడు ఒక వింత ప్రశ్న వేసికొన్నారు. ఈ నిర్గమకాండము ఎవరి కథ? మన కథ కాదా?

ఆ ప్రశ్న వేసినవారు గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెము వాసులు. మా బోధను, వర్ని ప్రాంతములలో నిజాంసాగరు నీటిని నమ్ముకొని కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వలసవచ్చి క్యాంపులు కట్టుకొన్న కుటుంబములు అనేకము గనుక ఆ వైపు ఊళ్ల పేర్లు మాకు పరాయివి కావు. అక్కడి మాదిగ కుటుంబములు కొన్ని, క్రైస్తవము మీదుగా తోరాను చదివి, 1980ల చివరి నుండి యూద ధర్మమును అవలంబించినవి. శ్మూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అను సోదరులు వారికి నాయకులు. 1991లో అక్కడ ఒక యూద ప్రార్థనా మందిరము వెలసినది. తాము ఇశ్రాయేలు పండ్రెండు గోత్రములలో ఎఫ్రాయీము గోత్రమువారమని వారి విశ్వాసము. అందుకే బెనే ఎఫ్రాయీము, అనగా ఎఫ్రాయీము సంతతి, అని పేరు పెట్టుకొన్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి 2013లో ఒక గ్రంథమే వెలువరించినారు.

గోత్రమును గూర్చిన విశ్వాసమును చరిత్రకారుడు ఆ సంఘపు సంప్రదాయముగా గ్రహించును. రుజువైన చరిత్రగా గ్రహింపడు. కాని వారి పఠనము మాత్రము చరిత్రలో నిలిచిన వాస్తవము. ఐగుప్తులో ఇటుకలు చేసి కొట్టుడుపడిన బానిసల కథ అది. పస్కా పండుగ నాటి రాత్రి ఆ కథను ఇంటింట చెప్పుకొనునపుడు, ప్రతి తరమువాడును ఐగుప్తు నుండి తానే బయలువెడలినట్లు భావింపవలెనని మిష్నా విధించినది. ఈ విధిని అక్షరాల పాటించుటకు చేబ్రోలు మాదిగవాడకు ఊహతో పనిలేదు. ఊరి వెలుపలి ఇల్లు, పరుల పొలములో పని, వేరు బావి, ఇవన్నియు వారి తాతల జ్ఞాపకములు. ఇతరులు కథగా విన్నదానిని వారు జీవితముగా చదివినారు.

అందులకు వారు చెల్లించిన మూల్యమును గుర్తింపవలెను. శనివారము విశ్రాంతిదినము. పొలము గలవానికి శనివారము పని మానుట పుణ్యము. కూలివానికి అది ఒక దినపు కూలి. నాట్లు, కోతలు శనివారమని ఆగవు. బానిసకును, ఎద్దుకును, పరదేశికిని కూడ విశ్రాంతి కలుగవలెనని తోరా ఆ దినమును ఏర్పరచినది. కాని ఆ విశ్రాంతిని ఇచ్చువాడు యజమాని కావలెను. తానే కూలివాడైనచో ఎవరిని అడుగవలెను? గ్రంథమును తనదనుకొని చదువువానికి ఇట్టి చిక్కులు తప్పవు. చిక్కు లేని పఠనము కాలక్షేపమగును.

ఇక నా పొలమునకు వత్తును.

లేవీయకాండములో ఒక విధి ఉన్నది. పంట కోయునపుడు పొలపు మూలలను పూర్తిగా కోయరాదు. రాలిన వెన్నులను ఏరుకొనరాదు. అవి బీదలకును పరదేశులకును చెందును. ద్వితీయోపదేశకాండము మరియొకటి చేర్చినది: పొలములో మరచిపోయిన పన కొరకు వెనుకకు పోరాదు. నీవును ఐగుప్తులో బానిసవని జ్ఞప్తి యుంచుకొమ్మను కారణమును కూడ చెప్పినది. రూతు కథ అంతయు ఈ విధి మీదనే నిలిచినది. మోయాబు దేశపు విధవరాలు, పరదేశి, అత్తగారిని విడువక బేత్లెహేము చేరి బోయజు పొలములో పరిగె ఏరుకొన్నది. దావీదు రాజునకు ముత్తవ్వ అయినది. తెలుగు బైబిలులో ఆమె కథ చదివినపుడు పరిగె అను మాట నన్ను గట్టున నిలిపివేసినది.

మిష్నాలో ఈ విధులకై ఒక ప్రకరణము ప్రత్యేకింపబడినది. దాని పేరు పేయా; మూల అని అర్థము. 1933లో హెర్బర్ట్ డాన్బీ ఇంగ్లీషులోనికి తెచ్చిన మిష్నాలో దానిని నేను చదివినాను. మొదటి మాటయే నన్ను ఆకర్షించినది. ఎంత మూల విడువవలెనో దానికి కొలత లేదనును. వెంటనే, అరువదింట ఒక పాలునకు తగ్గరాదనును. పొలము విస్తీర్ణమును, బీదల సంఖ్యను, పంట సమృద్ధిని చూచుకొమ్మనును. మూల వద్ద కొడవలి వాడరాదనును. బీదలు ఒకరినొకరు గాయపరచుకొందురేమోనని. దినమునకు మూడుమార్లు, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, బీదలు రావచ్చుననును. ఒకరిని రానిచ్చి మరియొకరిని రానీయని యజమాని, తనకు నచ్చినవానికి సాయపడు యజమాని, బీదలను దోచినవాడే యనును.

దోచినవాడు! ఈ మాట వద్ద నా చదువు ఆగిపోయినది. ఇచ్చుటయను మాట ఇక్కడ లేనే లేదు. మూల యజమానిది కానే కాదు; తనది కానిదానిని అతడు దానము చేయజాలడు; అడ్డుపడకుండుట మాత్రమే అతని ధర్మము. ఇంకను చూడుడు. ఒక చోట రెండు వెన్నులు రాలినచో అవి బీదలవి, మూడు రాలినచో యజమానివి అని హిల్లేల్ పక్షము. మూడును బీదలవే, నాలుగైనచో యజమానివి అని షమ్మాయి పక్షము. ఒక్క వెన్ను కొరకు ఇంత వాదమా యని నవ్వవచ్చును. నాకు నవ్వు రాలేదు. ఆ బాలిక ఒడిలో ఎన్ని వెన్నులున్నవో నేను లెక్కింపలేదు. రెండువేల ఏండ్ల క్రిందట ఎవరో పెద్దలు ఆమె కొరకు కూర్చుండి లెక్కించినట్లు నాకు తోచినది. పనలు మోయకముందే దిగినదని నేను కేకవేసితిని గదా! కోతవాని చేయి జారి నేలబడిన క్షణముననే ఆ వెన్ను ఆమెది.

మన పల్లెలలో పేదవానికి ధాన్యము ముట్టలేదా యని అడుగవచ్చును. ముట్టినది. కళ్లములో వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి, మాదిగకు మేర కొలిచి ఇచ్చెడివారు. తెలంగాణమున దానినే బలూత అన్నారు. అది మంచి ఏర్పాటే. కాని అది ఏడాది పొడుగునా చేసిన పనికి ప్రతిఫలము. పనిచేయనివానికి, ఊరికి క్రొత్తయైనవానికి మేర లేదు. మేరతో పాటు వెట్టియు ఉండినది. వెట్టిని రూపుమాపవలెనని ఘోషించిన ఆంధ్ర మహాసభ తన ఆరవ సమావేశమును 1937లో మా నిజామాబాదుననే జరుపుకొన్నది. అదే సంవత్సరమున బోధను కర్మాగారము స్థాపింపబడినది. వెట్టి నుండి విడుదల కోరిన సభను, కూలికి పిలిచిన గొట్టమును ఒకే జిల్లా ఒకే ఏట చూచినది. నిర్గమకాండమును మా జిల్లాలో చదువుటకు ఐగుప్తు పటము అక్కరలేదు.

ఆ గ్రంథములు చదివి నేను మతము మార్చుకొనలేదు, అభయచందు మార్చుకొన్నట్లు చెప్పలేదు, చేబ్రోలువారు మార్చుకొన్నారు. ఎవరి త్రోవ వారిది. అయినను ముగ్గురికిని ఒక పోలిక ఉన్నది. ప్రాచీనగ్రంథము మనకు కంఠతా రావచ్చును, మనము దానికి నమస్కరింపవచ్చును. అంతమాత్రమున అది మనతో మాటాడదు. మన బ్రతుకులో ఒక తావున మనకు జవాబు తెలియని ప్రశ్న ఉండి, ఆ తావును గ్రంథము తాకినపుడు మాటాడును. అభయచందును తాకినది గురువు మీది ప్రేమలో. చేబ్రోలు కూలివానిని తాకినది పుట్టుకలో. నన్ను తాకినది పొలము గట్టున.

నేడు మా వైపు కోతలకు యంత్రములు వచ్చినవి. పరిగె మిగులుట తక్కువ. అయితే ఆ యంత్రమునకు ఒక లోపము కలదు. అది వంపు తిరుగుచు పోవును గనుక మడి మూలలను అందుకొనలేదు. అందువలన కోతకు ముందే మూలలను కొడవలితో కోయించుట అలవాటు. నిరుడు కోతల నాడు, కాలువ ప్రక్క మూలను కోయవద్దని మావాళ్లతో చెప్పినాను. ఎందుకని అడిగినారు. ఉండనీయుడన్నాను. నాలుగు దినముల పిమ్మట పోయి చూడగా ఆ మూల మోడు మాత్రము ఉన్నది. ఎవరు కోసికొనిపోయినారో నేను అడుగలేదు.